ఒక్కసారే కడిగిన సీసాలు

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో కాఫీకి సబ్బు వాసన ఉండేది. గిన్నెలు కడిగేది మా ఆయన. తోమడం బాగానే తోమేవాడు పాపం, వంక పెట్టడానికి లేదు. చిక్కంతా కడిగేటప్పుడే. గ్లాసులో ఒక్కసారి నీళ్లు తిప్పి, పారబోసి, బోర్లించేసేవాడు. ఆరాక అంచున తెల్లగా పొర కట్టేది.

"ఇది కాఫీనా, బట్టలుతికిన నీళ్లా?" అనేది మా అత్తగారు రోజూ పొద్దున్నే, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని.

"రెండింట్లోనూ నురగ ఉంది కదమ్మా, ఏదో ఒకటి అనుకుని తాగేయ్," అనేవాడు ఆవిడ కొడుకు.

నేను నోరెత్తకుండా తాగేసేదాన్ని. తొమ్మిదింటికల్లా ల్యాబ్‌లో ఉండాలి. కాఫీ మీద పంచాయితీ పెట్టే ఓపిక నాకెక్కడిది?

మా ఆయన్ని నేను సీనియర్ అంటాను. పెళ్లికి ముందు ఒకే ల్యాబ్‌లో పనిచేశాం, నాకంటే మూడేళ్లు ముందు చేరాడు, ఆ పిలుపు అలాగే అతుక్కుపోయింది. ఆయనకి నేను జూనియర్ని. అత్తగారి ముందు "మీరు" అంటాను, ఆవిడ పక్కగదిలోకి వెళ్తే "నువ్వు". ఆవిడకీ తెలుసు. తెలియనట్టు ఉంటుంది.

రెండేళ్ల కిందట ఆయనకి ల్యాబ్‌లో రసాయనాలు కరిగించే ద్రావకాలు పడకుండా పోయాయి. చేతులు పగిలి పుండ్లు పడ్డాయి, ల్యాబ్ తలుపు తీస్తే చాలు ఊపిరి అందేది కాదు. "ఇంకొక్కసారి ఆ గదిలో అడుగు పెడితే మళ్లీ నా దగ్గరికి రాకండి," అంది డాక్టరమ్మ. అప్పట్నుంచి ఇల్లు ఆయనది, ల్యాబ్ నాది.

ఆయనకంటూ మిగిలింది ముందుగది గోడ మీది బొమ్మ. మా పెళ్లి ఫోటో కంటే పెద్దది. అది ఆయన చేసిన బుట్ట.

బుట్టంటే ఏంటో చెప్పాలి. మా పని లోహాన్ని పట్టుకునే కొమ్మలు తయారుచేయడం. వాటిని లైగాండ్లంటారు. బెంజీన్ లాంటి చదునైన ఉంగరాలు ఒకదానికొకటి అతికించి, రెండు చివర్లా లోహాన్ని పట్టుకునే నత్రజని పెట్టి, నడుం దగ్గర కావలసినంత వంపు తిప్పుతాం. వంపు కుదిరితే, లోహమూ కొమ్మలూ ఒక సీసాలో వేసి వదిలేసినా చాలు, వాటంతట అవే కూడి బుట్టగా అల్లుకుంటాయి. పైన పల్లాడియం అనే లోహం ఒకటి, కింద ఒకటి, చుట్టూ నాలుగు కొమ్మలు, లోపల ఖాళీ. కంటికి కనబడేది కాదు. స్ఫటికం పెంచి, ఎక్స్‌రే పెట్టి చూస్తేనే దాని ఆకారం తెలుస్తుంది.

సీనియర్ బుట్ట మా రంగంలో బాగా పేరు తెచ్చుకుంది. "వంపు నూట ఇరవై డిగ్రీలు. కొమ్మ గట్టిది. ఈ రెండూ చూసుకో, మిగతాది అదే చూసుకుంటుంది," అనేవాడు. ఆ మాట నెత్తిన పెట్టుకుని మూడేళ్లుగా నేను దానికంటే పెద్ద బుట్ట అల్లాలని కూర్చున్నాను. మందు అణువొకటి లోపల పట్టేంత పెద్దది. మూడేళ్లలో పదిహేడు రకాల కొమ్మలు చేశాను. పదిహేడింటికీ వచ్చింది బురద.

ఎండలు ముదిరిన మొదటి వారం పెద్దాయన పిలిచారు. మా ల్యాబ్ నడిపే ప్రొఫెసర్ని అందరం అలాగే అంటాం. బల్ల మీద ఒక ఉత్తరం నా వైపు తోశారు. ఎక్కడో దూరదేశపు ల్యాబ్ వాళ్లు రాసింది. చాలా మర్యాదగా రాశారు. అందుకే భయం వేసింది.

సీనియర్ బుట్టని వాళ్లు పదకొండుసార్లు చేసి చూశారట. ఒక్కసారీ రాలేదట. రాయడం మరిచిపోయిన చిట్కా ఏమైనా ఉంటే దయచేసి చెప్పమని అడిగారు.

"సెలవులు అయ్యేలోపు నువ్వు చేసి చూపించు. రాకపోతే దాని మీద మనం అచ్చువేసిన పేపరు వెనక్కి తీసుకుందాం. లేనిది ఉందని చెప్పుకుని తిరగలేను ఈ వయసులో," అన్నారు పెద్దాయన.

"ఆయనకి చెప్పాలా సార్?"

"నీ ఇంటి సంగతి నీకే తెలియాలి. నేనైతే ఏదో ఒకటి తేలాకే చెప్తాను."

చెప్పేద్దామనే ఇంటికెళ్లాను. చెప్పులు విప్పుతుండగానే సీనియర్ ఎదురొచ్చాడు, చేతిలో కాగితం, భుజం మీద తడి తువ్వాలు. కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు. రెండు నెలల తర్వాత. సొంతంగా చేసిన పని మీద అరగంట మాట్లాడాలి.

"ల్యాబ్ లేదు జూనియర్, ఉత్త పాఠాలే. సుద్దముక్క దుమ్ము తప్ప ఏమీ పీల్చక్కర్లేదు," అన్నాడు. "అరగంటకి బుట్ట ఒక్కటి చాలదూ?"

రెండేళ్లలో ఆ మొహం అలా వెలగడం చూడలేదు. ఉత్తరం మాట కడుపులోనే పెట్టుకున్నాను. బుట్ట మళ్లీ అల్లి చూపిస్తే ఆ ఉత్తరం చింపేయొచ్చు కదా, ఈలోగా మనిషిని కుంగదీయడం దేనికి అనుకున్నాను.

కొమ్మ తయారవడానికే తొమ్మిది రోజులు పట్టింది. ఉంగరాలు అతికించాలి, పగలంతా మరిగించాలి, తర్వాత ఆ నల్లటి జిడ్డుని గాజు గొట్టంలో సిలికా పొడి మీద పోసి, కింద చుక్కచుక్కా పట్టుకోవాలి. ఏడు గంటలు నిలబడితే చిటికెడు తెల్లపొడి. మడమలు వాచిపోయి ఇంటికి నడవడం గగనమయ్యేది. ఏసీ చెడిపోయిందని చెబితే చూస్తామన్నారు, ఆ చూడటం చలికాలం వచ్చేదాకా చూశారు.

స్ఫటికాలు పెరగడానికి సీసాలు పెట్టే అర ఒకటి ఉంది మూలన. దాన్ని మేం ప్రసూతి వార్డంటాం. అక్కడ గట్టిగా తలుపు వేయకూడదు, అర మీద మోచెయ్యి ఆనించకూడదు, ఐదు రోజుల దాకా తొంగి చూడకూడదు. ఐదో రోజు చూశాను. బురద. వేడి పెంచి పెట్టాను, బురద. చల్లగా పెట్టాను, అదే బురద కాస్త ఆలస్యంగా వచ్చింది. తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంట్లో డొంకతిరుగుడుగా అడిగేదాన్ని. "అప్పట్లో ఎంత వేడి మీద కలిపేవాడివి?"

"రాసిందే చేశాను. నా నోట్‌బుక్ తీసి చూసుకో, అక్షరం తేడా రాదు," అనేవాడు ధీమాగా. "ఏం, నీ పెద్ద కొమ్మకి అక్కరొచ్చిందా?"

"ఆఁ, దానికే."

నోట్‌బుక్ నిజంగానే ముత్యాల్లా ఉంది. తారీఖు, తూకం, వేడి, రంగు, అన్నీ. అందులో ఉన్నవన్నీ చేశాను. నెలన్నర గడిచింది. రాత్రి భోజనాల దగ్గర ఆయన ఇంటర్వ్యూలో చెప్పబోయే ముక్కలు అప్పజెబుతుంటే నేను కంచం తీసుకుని లేచిపోయేదాన్ని. అసలు అలాంటి బుట్టే లేదేమో అని ఒక్కోసారి అనిపించేది. అలా అనిపించిన రోజు ఆయన మొహం చూడలేకపోయేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున వంటింటి కిటికీ దగ్గర నిలబడి కాఫీ పోసుకోబోతున్నాను. ఎండ ఏటవాలుగా గ్లాసు మీద పడింది. లోపల తెల్లపొర. విసుగుపుట్టి గోటితో గీకాను. గోటికి సున్నంలా అంటుకుంది.

అలాంటి పొర ఒకప్పుడు ల్యాబ్ సీసాల్లోనూ చూశాను.

ఇప్పుడంటే సీసాలు కొత్తవి వస్తాయి, ఒకసారి వాడి పారేస్తాం. మేం చేరిన రోజుల్లో అలా కాదు. వాడిన సీసాలు నైట్రిక్ యాసిడ్ తొట్టిలో నానబెట్టి, కుళాయి నీళ్లతో మూడుసార్లు, శుద్ధి చేసిన నీళ్లతో మూడుసార్లు కడగాలని గోడ మీద రాసి ఉండేది. సీనియర్ ఒకసారి నీళ్లు తిప్పి బోర్లించేవాడు. ల్యాబంతా ఆటపట్టించేది. నేను కూడా. యాసిడ్ జాడ, కుళాయి నీళ్లలోని సున్నం కలిసి ఆరితే నైట్రేటు మిగులుతుంది. ఆ సంగతి నోట్‌బుక్‌లో ఉండదు. గిన్నె కడిగిన తీరు ఎవరు రాస్తారు?

కాఫీ అక్కడే వదిలేసి ల్యాబ్‌కి వెళ్లాను. సింకు కింద, విరిగిన స్టాండ్ల వెనక, ఆయన చేతిరాతతో అట్టపెట్టె ఉంది. లోపల పాత సీసాలు. ఒకటి తీసి వెలుతురుకి పట్టాను. అడుగున తెల్లపొర.

పాత ఎక్స్‌రే లెక్కలు తెరిచాను. బుట్ట మధ్యలో మూడు చుక్కలున్నాయి. వాటిని నీళ్లని రాశాడు సీనియర్. మేం అందరం అప్పుడు సరే అన్నాం, మధ్యలో ఏదో తడి మిగలడం మామూలే కాబట్టి. ఇప్పుడు ఆ చుక్కల మధ్య దూరం కొలిచాను. నీళ్ల అణువులు అంత దగ్గరగా నిలబడవు, ఒకదాన్నొకటి తోసుకుంటాయి. నైట్రేటులోని మూడు ఆక్సిజన్లకైతే ఆ దూరం అచ్చంగా సరిపోతుంది. పైగా లోహపు విద్యుత్తుకి సరిపడా దానికి జోడీగా నాలుగు అయాన్లుండాలి, లెక్కలో మూడే ఉన్నాయి. నాలుగోది ఎక్కడో చెదిరిపోయిందని ఒక మాట రాసి వదిలేశారు. అది ఎక్కడికీ పోలేదు. బుట్ట మధ్యలోనే కూర్చుని ఉంది. కొమ్మలన్నీ దాన్ని పట్టుకుని దాని చుట్టూ మూగాయి.

ఐదు పాత సీసాలు, ఐదు కొత్తవి, ఇంకో ఐదు కొత్త సీసాల్లో చిటికెడు నైట్రేటు వేసి, మొత్తం పదిహేను ప్రసూతి వార్డులో పెట్టాను. ఆరో రోజు చూశాను. పాతవాటిలో నాలుగింట పంచదార పలుకుల్లా మెరుస్తున్నాయి. కొత్తవాటిలో బురద. నైట్రేటు వేసిన ఐదింటా పలుకులే.

సంతోషించాలి నిజానికి. ఏడుపొచ్చింది, అదీ కోపంతో. నా పదిహేడు కొమ్మల వంపుల్లోనూ తప్పు లేదు. వాటి మధ్యలో కూర్చునే వాళ్లే లేరు. నా బుట్టకి నైట్రేటు చాలా చిన్నది, ఎంత వేసినా నిలబెట్టదు. వంపు కుదిరితే చాలన్న మాట పట్టుకుని మూడేళ్లు వంపులు తిప్పుతూ కూర్చున్నాను. నా కాళ్లు, నా కళ్లు, నా వయసులో మంచి మూడేళ్లు. ఇంటికెళ్లి ఆ మనిషిని కడిగేయాలన్నంత కసి వచ్చింది.

పెద్దాయన సీసాలన్నీ ఒక్కొక్కటే వెలుతురుకి పట్టి చూశారు. "బుట్ట నిజమే అన్నమాట."

"నిజమే సార్. ఎందుకొచ్చిందని మనం చెప్పామో అది నిజం కాదు."

"పేపరుకి సవరణ వేయాలి. మొదటి పేరు అతనిది, సంతకం అతనే పెట్టాలి." కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంటర్వ్యూ ఎప్పుడన్నావ్?"

"పది రోజులుంది."

"అయ్యాక చెప్పు. ఇన్నాళ్లూ ఆగింది, ఈ పది రోజులకి ఏమైపోతుంది?"

ఆ మాట నాకూ కలిసొచ్చింది. అప్పటికే కోపం చల్లారి నీరసం మిగిలింది. పది రోజులు కుక్కినపేనులా ఉన్నాను.

ఇంటర్వ్యూకి ముందురోజు సాయంత్రం సీనియర్ మమ్మల్ని ముందుగదిలో కూర్చోబెట్టాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గోడ మీది బొమ్మ పక్కన నిలబడ్డాడు. అత్తగారు కుర్చీలో, నేను కింద ఆరిన బట్టలు మడతపెడుతూ.

బాగా చెప్పాడు. నిజంగా బాగా చెప్పాడు. ఉంగరాలు ఎందుకు గట్టిగా ఉండాలో, వంపు ఒక్క పది డిగ్రీలు తప్పితే ఏమవుతుందో, కాగితం మడిచి చూపించాడు. "అంటే బుట్ట ఆకారం మొత్తం కొమ్మలోనే రాసి ఉంటుంది. మనం కొమ్మని సరిగ్గా గీస్తే చాలు," అన్నాడు.

"అదంతా సరేరా, ఆ మధ్యలో ఏముంది?" అంది అత్తగారు.

"నీళ్లమ్మా. మూడు చుక్కలు."

"బుట్టలో నీళ్లు నిలబెట్టినవాడివి నువ్వొక్కడివే," అంది ఆవిడ.

సీనియర్ పగలబడి నవ్వాడు. నవ్వుతూనే నా వైపు చూశాడు. నేను నవ్వలేదు. చేతిలో ఆయన బనీను ఉంది, దాన్ని అప్పటికి మూడోసారి మడతపెడుతున్నాను.

"ఏమోయ్, బాగాలేదా?"

రేపు ఈ మాటే పదిమంది ముందు చెప్తాడు. తర్వాత నెలకో రెండు నెలలకో సవరణ వస్తుంది, అందులో నా పేరు కూడా ఉంటుంది. ఆ తారీఖులు లెక్కేసుకుంటే నాకు ముందే తెలుసని ఆయనకి తెలిసిపోతుంది.

"నీళ్లు కాదు," అన్నాను.

"ఏంటి?"

"మధ్యలో ఉన్నది నీళ్లు కాదు. నువ్వు..." అత్తగారి ముందు నువ్వు అనేశాను. ఆవిడ మెల్లగా లేచి, "పాలు పొంగుతాయేమో చూస్తాను," అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. పొయ్యి మీద పాలు లేవు.

ఉత్తరం దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. కరెంటు బిల్లు వెనక మూడు చుక్కలు గీసి, వాటి మధ్య దూరం రాశాను. ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. కాగితం అందుకుని కింద నా పక్కనే చతికిలబడ్డాడు, చొక్కా నలిగిపోతుందన్న ధ్యాస కూడా లేదు.

"నైట్రేటు," అన్నాడు.

"ఆఁ."

"తొట్టిలోంచి తీసి... నేను ఎన్నిసార్లు కడిగేవాడిని?"

"ఒకసారి."

తల ఊపాడు. "ఎప్పుడు తెలిసింది?"

"పది రోజులైంది."

"పది రోజులు," అన్నాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే నేనూ నాలుగు అనేసి తేలికపడేదాన్ని. ఆయన గోడ మీది బొమ్మ వైపు చూశాడు, తర్వాత నా కాళ్ల వైపు చూశాడు. మడమల దగ్గర వాపు ఇంకా దిగలేదు.

"మరి నీ మూడేళ్లు?"

"పోనీలే," అన్నాను. పోనిచ్చేంత చిన్నదేం కాదు అది. నా గొంతులోనే తెలిసిపోయి ఉంటుంది.

మర్నాడు అదే నలిగిన చొక్కా వేసుకుని వెళ్లాడు. మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చి, చెప్పులు విప్పి, మంచినీళ్లు తాగాడు.

"ఏం చెప్పావ్?"

"ఉన్నది ఉన్నట్టు. మధ్యలో నైట్రేటు ఉందని, సీసాలు సరిగ్గా కడగలేదని. నా భార్య కనిపెట్టిందని."

"వాళ్లేమన్నారు?"

"ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన, మరి ఇందులో మీరు గీసిందేముంది అని అడిగాడు. కొమ్మ గీశానన్నాను."

రెండు వారాలకి జవాబొచ్చింది. ఇంకెవర్నో తీసుకున్నారు. నిజం చెప్పినందుకో, మరెందుకో, అలాంటివి ఉత్తరాల్లో రాయరు కదా. అత్తగారు ఆ రోజంతా ఆ కాలేజీని తిడుతూనే ఉంది.

తొలి వానలు పడ్డ వారం సవరణ కాగితం ఇంటికి తెచ్చాను. సీనియర్ అందులో తన చేత్తో ఒక వాక్యం చేర్చాడు: సీసాలు సరిగ్గా కడగకపోవడం వల్ల ఇలా జరిగింది, తప్పు పూర్తిగా నాది. పెద్దాయన తర్వాత దాన్ని కొట్టేసి, నైట్రేటు జాడల వల్ల అని రాశారు. కానీ ముందు ఆ వాక్యం కింద సీనియర్ సంతకం పెట్టడం నేను చూశాను. పెన్ను మూత పెట్టి, ఫ్రేము మీది దుమ్ము ఒకసారి చేత్తో తుడిచాడు. దాన్ని గోడ మీంచి తీయలేదు.

మర్నాడు పొద్దున అత్తగారు కాఫీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఆగింది. ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది.

"అమ్మాయ్, పొడి మార్చావా? ఇవాళ కమ్మగా ఉంది."

"లేదత్తయ్యా, అదే పొడి."

నా గ్లాసు ఎత్తి చూశాను. ఎక్కడా పొర లేదు. తాగాను. ఉత్త కాఫీ. ఆ ఎండాకాలమంతా ఏ వాసనకి విసుక్కున్నానో ఆ వాసన కోసం ఇంకోసారి చూశాను.

వంటింట్లోంచి కుళాయి చప్పుడు ఆగకుండా వస్తోంది. వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. సీనియర్ నాకు వీపు పెట్టి, పగుళ్లు మానని చేతులతో ఒక్కో గ్లాసూ నీళ్లు నింపి, తిప్పి, పారబోసి, మళ్లీ నింపి, మళ్లీ పారబోస్తున్నాడు. మూడోసారి అయ్యాక వెలుతురుకి పట్టి చూసి, నాలుగోసారి కుళాయి కింద పెట్టాడు.

"చాల్లే సీనియర్," అన్నాను. "తాగే గ్లాసులేగా. ఒక్కసారి కడిగితే చాలు."

ఆయన వెనక్కి తిరగలేదు.

"చాలదు," అన్నాడు.